మునిగిన కొద్దీ తెలిసే సముద్రం
ఫుజైరా తీరపు పగడపు దిబ్బలతో దీర్ఘకాల పరిచయం నేర్పే పాఠాలు

మోర్తాడ్‌కు ఏ దిక్కున చూసినా సముద్రం వందల కిలోమీటర్ల దూరం. ఇక్కడి వారికి తెలిసినది గోదావరి నీరు, పోచంపాడ్ నీరు, చెరువు నీరు, వాగు నీరు. అయినా ఇటు ఆర్మూరు నుండి అటు మెట్‌పల్లి దాకా రహదారి పొడవునా ఉన్న ఊళ్ళలో సముద్రతీర నగరాల పేర్లు వినబడని ఇల్లు అరుదు. దుబాయి, షార్జా, మస్కట్, దోహా, జిద్దా అన్నీ తీర నగరాలే. తాత పనిచేసిన నగరానికే మనవడు కూడా వెళ్ళిన కుటుంబాలు ఇక్కడ ఉన్నాయి.

ఇన్నేళ్ళ సంబంధం ఉన్నా, అక్కడి సముద్రం గురించి మన ఇళ్ళలో చెప్పుకునే మాటలు చాలా తక్కువ. పన్నెండు గంటల డ్యూటీ, కిక్కిరిసిన క్యాంపు గది, వీసా కోసం చేసిన అప్పు, నెలనెలా ఇంటికి పంపవలసిన డబ్బు. ఈ బరువుల నడుమ తీరాన నిలబడి నీటిని చూసే తీరిక ఎందరికి దొరుకుతుంది? విమానం కిటికీలోంచి ఒకసారి, తిరుగు ప్రయాణంలో మరోసారి కనిపించిన నీలిరంగే చాలామందికి మిగిలే జ్ఞాపకం.

అయితే కుటుంబంతో అక్కడ స్థిరపడినవారు, వారాంతపు సెలవు దొరికే ఉద్యోగులు, అక్కడే పుట్టి పెరుగుతున్న మన పిల్లలు ఇప్పుడు వేలల్లో ఉన్నారు. వారికి రెండు గంటల ప్రయాణ దూరంలో ఒక అపురూపమైన తీరం ఉన్నది. గాలి సిలిండరు వీపున కట్టుకొని నీటి అడుగున తిరిగే స్కూబా విద్యకు పేరుపొందిన ఫుజైరా తీరం అది. ఒక్క రోజు వెళ్ళి, నాలుగు ఫొటోలు తీసుకొని వచ్చేవారికి ఆ తీరం తన రహస్యం చెప్పదు. ఏళ్ళ తరబడి ఒకే చోటికి తిరిగి తిరిగి వెళ్ళేవారికే అది తెలుస్తుంది.

ఈ సంగతి మన పల్లెలకు కొత్త కాదు. చెరువును ఎరిగినవాడు ఎవరు? మత్తడి దూకిన రోజున చూడవచ్చినవాడు కాదు, నీరడి. ఏ తూము కారుతున్నదో, ఏ పక్క ఒండ్రు మేట వేసిందో, ఎంత వాన పడితే మత్తడి దూకుతుందో అతనికి తెలుసు. వానాకాలంలోనూ, ఎండాకాలంలోనూ అదే కట్ట మీద నడిచాడు గనుక తెలుసు. సముద్రం కూడా తనను తెలుసుకోగోరేవారి నుండి ఆ ఓపికనే కోరుతుంది.

రెండు సముద్రాలు, నడుమ ఒక కొండల వరుస

ఐక్య అరబ్ ఎమిరేట్స్‌లోని ఏడు ఎమిరేట్లలో పూర్తిగా ఒమన్ అఖాతం వైపు ఉన్నది ఫుజైరా ఒక్కటే. దుబాయి, అబుధాబి వైపు ఉన్న గల్ఫ్ లోతు తక్కువ సముద్రం. దాని సగటు లోతు సుమారు 35 మీటర్లు మాత్రమే. వేసవిలో అది మరుగుతున్నట్లు వేడెక్కుతుంది, ఉప్పు సాంద్రత కూడా ఎక్కువ. హజర్ కొండలు దాటి తూర్పు తీరానికి చేరితే కథ మారుతుంది. ఒమన్ అఖాతం లోతైనది, అరేబియా సముద్రంలోకి తెరుచుకున్నది. మన దేశపు పశ్చిమ తీరాన్ని తాకే సముద్రమే అక్కడిదాకా పరుచుకొని ఉన్నది.

దిబ్బా, అల్ అఖా, బిదియా, ఖోర్ ఫక్కాన్ ఊళ్ళు ఒక పక్క కొండలు, మరో పక్క నీళ్ళతో వరుసగా వస్తాయి. వీటిలో ఖోర్ ఫక్కాన్ షార్జా పాలనలోనిది. దిబ్బా దగ్గరి బండ చుట్టూ తాబేళ్ళు, రెక్క చివర నల్లగా ఉండే చిన్న సొరచేపలు తిరుగుతాయి. అల్ అఖా ఒడ్డుకు ఎదురుగా ఒక చిన్న రాతి ద్వీపం ఉన్నది. కార్టూన్ బొమ్మల్లోని కుక్క వెల్లకిలా పడుకున్నట్లు కనబడుతుంది గనుక దానికి స్నూపీ ద్వీపం అని పేరు. అక్కడ లోతు తక్కువ. ఈత వచ్చినవారు సిలిండరు లేకుండానే, మాస్కు, ఊపిరి గొట్టం పెట్టుకొని పగడపు దిబ్బలను చూడవచ్చు. కొంత దూరాన, దాదాపు 30 మీటర్ల అడుగున ఇంచ్‌కేప్ అనే పడవ ఉన్నది. చేపలకు ఆవాసం కావాలని 2001లో ఉద్దేశపూర్వకంగా ముంచిన పడవ అది.

ఈ తీరానికి విశ్వాసులను పిలిచే మరో కారణమూ ఉన్నది. బిదియాలో రోడ్డు పక్కనే ఒక చిన్న మస్జిదు కనబడుతుంది. రాళ్ళు, మట్టి ఇటుకలతో కట్టిన ఆ మస్జిదుకు నాలుగు గుమ్మటాలు, లోపల వాటిని మోసే ఒకే ఒక్క నడిమి స్తంభం. పురావస్తు పరిశోధకులు దానిని 15వ శతాబ్దిదిగా నిర్ణయించారు. ఎమిరేట్స్‌లో నిలిచి ఉన్న మస్జిదులలో ఇదే అత్యంత పురాతనమైనదని చెబుతారు. నేటికీ అక్కడ నమాజు జరుగుతున్నది. పక్కనున్న దిబ్బా ఇస్లాంకు పూర్వమే పేరొందిన సంత. సింధ్, హింద్, చైనా వర్తకులు అక్కడికి వచ్చేవారని అరబ్బు చరిత్రకారులు రాశారు. అంటే హింద్ నుండి ఈ తీరానికి రాకపోకలు నేటి వీసాలతో మొదలైనవి కావు.

మొదటి మునకలో కనిపించనివి

మొదటిసారి నీటి అడుగుకు వెళ్ళినవారు సముద్రాన్ని చూడరు, తమను తామే చూసుకుంటారు. చెవుల్లో ఒత్తిడి, ఊపిరి చప్పుడు, గుండె దడ, మాస్కులోకి నీరు వస్తుందేమోనన్న భయం వీటితోనే ఆ అరగంట గడిచిపోతుంది. ప్రతి 10 మీటర్ల లోతుకు ఒక వాతావరణ పీడనం పెరుగుతుంది. 30 మీటర్ల అడుగున దేహం మీద ఒత్తిడి ఒడ్డున ఉన్నదానికి నాలుగు రెట్లు. రంగులూ మారిపోతాయి. ఎరుపు అన్నిటికంటే ముందు, మొదటి పది మీటర్లలోనే వెలిసిపోతుంది. చేతిలో దీపం వెలిగిస్తే తప్ప ఆ పగడం అసలు రంగు తెలియదు. సూరా నూర్‌లో సత్యతిరస్కారి కర్మలను లోతైన సముద్రంలో అలపై అల, ఆ పైన మబ్బు కమ్మిన చీకట్లతో పోల్చిన సంగతి పాఠకులకు తెలిసినదే. వెలుగు లోతుకు దిగే కొద్దీ పొరలు పొరలుగా తగ్గడం కళ్ళారా చూసినవారికి ఆ ఉపమానం మరింత బలంగా హత్తుకుంటుంది.

పదో మునక నాటికి భయం తగ్గి చూపు నిలుస్తుంది. అప్పటిదాకా "చేపల గుంపు"గా కనిపించినది విడివిడి జీవితాలుగా కనబడుతుంది. ఒక రాయి దగ్గర పెద్ద చేపలు కదలకుండా నిలబడి ఉంటాయి. చిన్న చేప ఒకటి వాటి మొప్పల్లో, నోటిలో దూరి పురుగులను ఏరి తింటుంది. పెద్దది దానిని మింగదు. ఆ రాయి వాటికి వైద్యశాల వంటిది. వచ్చే నెల వెళ్ళినా అది అక్కడే ఉంటుంది. విషపు ముళ్ళ సముద్రపుష్పం చాటున క్లౌన్ చేపల కుటుంబం కాపురం ఉంటుంది. గుడ్లకు రెక్కలతో గాలి విసురుతూ కాపలా కాసేది తండ్రి చేప.

పగడం విషయంలో ఈ ఓపిక మరీ అవసరం. అది రాయి కాదు, మొక్క కాదు. వేలాది చిన్న జీవులు కలిసి సున్నంతో కట్టుకున్న ఊరు. వాటి దేహంలో కంటికి కనిపించని నాచు నివసిస్తుంది. సూర్యరశ్మితో ఆహారం తయారుచేసి తన ఆశ్రయదాతకు పెడుతుంది. నీరు మితిమీరి వేడెక్కితే పగడం ఆ నాచును వెళ్ళగొట్టి తెల్లబడుతుంది. వేడి త్వరగా తగ్గితే కోలుకుంటుంది, తగ్గకపోతే చచ్చిపోతుంది. ఈ రోజు తెల్లగా కనిపించిన పగడం బ్రతికిందా లేదా అన్నది ఒక్కసారి వచ్చి వెళ్ళినవారు చెప్పలేరు. మూడు నెలల తరువాత మళ్ళీ వచ్చినవారే చెప్పగలరు.

బండలా పెరిగే పగడం ఏడాదికి ఒక సెంటీమీటరు అటూ ఇటుగా ఎదుగుతుంది. ఆ లెక్కన మనిషి నిలువెత్తు పగడానికి ఒకటిన్నర శతాబ్దం పైనే పట్టాలి. మన నిజాంసాగర్ ఆనకట్ట పూర్తయిన 1931 నాటికి అది దాదాపు సగం ఎదిగి ఉండాలి. దాని మీద అజాగ్రత్తగా మోపిన ఒక్క కాలు అన్నేళ్ళ శ్రమను నలిపివేస్తుంది.

తండ్రి బాటను సరిదిద్దిన కొడుకు

సముద్రాన్ని ఇలా ఓపికగా చదివిన మహనీయులు ఆ ప్రాంతంలోనే పుట్టారు. నేటి రాస్ అల్ ఖైమా దగ్గరి జుల్ఫార్‌కు చెందిన అహ్మద్ ఇబ్న్ మాజిద్ 15వ శతాబ్దపు గొప్ప నావికుడు. ఆయన తండ్రి ఎర్ర సముద్రపు దారులను ఎరిగినవాడిగా, "రెండు తీరాల నావికుడు"గా పేరు పొందాడు. పగడపు దిబ్బలతో నిండిన ఆ సముద్రంలో ఓడ నడపడం ప్రాణాంతకమైన పని. ఇబ్న్ మాజిద్ తండ్రి నుండి నేర్చుకున్నాడు, గౌరవించాడు. ఆపైన అవే దారుల్లో తాను తిరిగి చూసి, తండ్రి చెప్పిన వాటిలో సవరించవలసినవి సవరించాడు. ఆ శతాబ్ది చివర రాసిన "కితాబుల్ ఫవాయిద్"లో నక్షత్రాలు, గాలులు, తీరపు గుర్తులు, దిబ్బల జాడలు పొందుపరిచాడు. ఒక తరం జ్ఞానాన్ని మరో తరం పరీక్షించి, పెంచి, ముందుకు అందించడం అంటే ఇదే.

గల్ఫ్‌లో ముత్యాల కోసం మునిగిన గవ్వాసులకు పుస్తకాలు లేవు. ముక్కుకు కొమ్ముతో చేసిన పట్టు, కాలికి బరువు రాయి, మెడకు చిప్పలు వేసుకునే వల సంచి, నడుముకు తాడు మాత్రమే వారి సామగ్రి. పైన పడవలో తాడు పట్టుకొని నిలబడే సైబ్ చేతిలో వారి ప్రాణం ఉండేది. వేసవిలో నాలుగు నెలలు రోజుకు పదుల సార్లు, ఒక్క గుక్క ఊపిరితో మునిగేవారు. ఏ అడుగున ఇసుక, ఎక్కడ రాయి, ఏ గుట్ట మీద చిప్పలు దొరుకుతాయో దేహంతోనే నేర్చుకున్నారు. ఆ ముత్యాలు బొంబాయి చేరి, అక్కడి నుండి హైదరాబాదు నవాబుల ఇళ్ళకు, పత్తర్‌ఘట్టీ దుకాణాలకు "బస్రా ముత్యాలు"గా వచ్చేవి.

ఆ మెరుపు వెనుక అప్పు ఉండేది. సీజను ముందు నాఖుదా ఇచ్చిన అడ్వాన్సు తీర్చడానికే గవ్వాసు బ్రతుకంతా మునిగేవాడు. తీరకపోతే ఆ భారం కొడుకు మీద పడేది. 1930ల నాటికి జపాను పెంపకపు ముత్యాలు, ప్రపంచ ఆర్థిక మాంద్యం కలిసి ఆ వృత్తిని కూల్చివేశాయి. తరువాత అదే తీరాన చమురు వచ్చింది, మన వలస మొదలైంది. వీసా అప్పుతో విమానమెక్కే మన యువకుడికీ, అడ్వాన్సుతో పడవెక్కిన ఆ గవ్వాసుకూ మధ్య దూరం మనం అనుకున్నంత ఎక్కువేమీ కాదు.

చెరిగిపోయిన తోట

ఫుజైరా తీరాన్ని చాలాకాలంగా ఎరిగినవారి మాటల్లో రెండు సంవత్సరాలు పదేపదే వస్తాయి. మొదటిది 2007. ఆ జూన్ నెలలో అరేబియా సముద్రంలో పుట్టిన గోను తుఫాను అప్పటివరకు ఆ సముద్రంలో నమోదైన వాటిలో అత్యంత తీవ్రమైనది. ఒమన్‌ను కుదిపిన ఆ తుఫాను అలలు ఫుజైరా దాకా వచ్చి, లోతు తక్కువ చోట్ల కొమ్మల పగడాలను విరిచి కుప్పలు పోశాయి.

పగడాలు తేరుకోకముందే 2008 వేసవి చివర "ఎర్ర పోటు" వచ్చింది. ఒక రకపు సూక్ష్మమైన నాచు విపరీతంగా పెరిగి నీటిని ఎర్రబారిన మట్టి రంగుకు మార్చింది. 2009 వేసవి మొదలయ్యేదాకా నెలల తరబడి, వెయ్యి కిలోమీటర్లకు పైగా తీరాన్ని అది కమ్మింది. టన్నుల కొద్దీ చేపలు చచ్చి ఒడ్డుకు కొట్టుకొచ్చాయి. దిబ్బా దగ్గరి పగడపు తోటల్లో చాలా భాగం నాశనమైంది. ఆ నాచు వడపోత పొరలను అడ్డగించడంతో సముద్రపు నీటిని మంచినీటిగా మార్చే కర్మాగారాలు కొన్ని తాత్కాలికంగా ఆగిపోయాయి.

ఈ చివరి సంగతి మనకు నేరుగా తగులుతుంది. గల్ఫ్‌లో నదులు లేవు. క్యాంపులో మన తమ్ముడు తాగే గుక్కెడు నీరు, వుజూకు వాడే చెంబెడు నీరు ఎక్కువగా ఆ సముద్రం నుండి వచ్చినవే. పగడపు దిబ్బకు వచ్చిన జబ్బు విహారయాత్రికుల సమస్య మాత్రమే అనుకుంటే పొరపాటు. కొండలకు అవతలి వైపూ క్షేమం లేదు. 2017 వేసవి వేడికి అబుధాబి వైపు పగడాల్లో అత్యధిక భాగం తెల్లబడి, సగానికి పైగా చచ్చిపోయాయి.

ఇప్పుడు స్నూపీ ద్వీపం దగ్గర మొదటిసారి మునిగిన యువకుడు పైకి వచ్చి "ఎంత అందం!" అంటాడు. అతను చెప్పేది నిజమే. కానీ 2007కు ముందు నుండి అక్కడ మునుగుతున్నవారికి అదే దృశ్యంలో లేనిది కూడా కనిపిస్తుంది. పోగొట్టుకున్నది ఏమిటో తెలిసినవారు లేకపోతే, మిగిలినదే మొత్తం అనుకునే తరం వస్తుంది. చెరువు శిఖం భూమి కబ్జా అయిన ఊళ్ళలో మన పిల్లలు ఆ గుంటనే చెరువనుకుంటున్నారు కదా! మానవులు చేజేతులా చేసిన పనుల మూలంగానే నేల మీదా, నీటిలోనూ కల్లోలం ప్రబలిందని సూరా రూమ్ హెచ్చరిస్తున్నది. ఆ హెచ్చరిక మనల్ని మేల్కొలపాలంటే ముందు ఆ నీరు ఎలా ఉండేదో ఎవరికైనా జ్ఞాపకం ఉండాలి.

ఆశ లేకపోలేదు. ఫుజైరా తీరంలో కొన్ని భాగాలను రక్షిత ప్రాంతాలుగా ప్రకటించారు. 2019లో 15 లక్షల పగడపు మొలకలను పెంచి నాటే బృహత్ పథకం అక్కడ ప్రారంభమైంది. ప్రళయం ముంచుకొస్తున్నా చేతిలోని మొక్కను నాటి తీరమన్న దైవప్రవక్త (స) ఉపదేశాన్ని ఆచరించే చోటు నీటి అడుగున కూడా ఉన్నదన్నమాట.

వెళ్ళదలచినవారికి కొన్ని జాగ్రత్తలు

ప్రాణం అల్లాహ్ అప్పగించిన సొత్తు. తన చేతులతో తనను వినాశంలోకి నెట్టుకోవడాన్ని దివ్యఖుర్ఆన్ నిషేధించింది. కాబట్టి సరదా కోసం శిక్షణ లేకుండా దిగకూడదు. గుర్తింపు పొందిన సంస్థలో ప్రాథమిక కోర్సు పూర్తిచేసినవారిని 18 మీటర్ల లోతు వరకు అనుమతిస్తారు. సాధారణంగా 10 ఏళ్ళు నిండిన పిల్లలు చిన్నవారి కోర్సులో చేరవచ్చు. ఉబ్బసం, గుండె జబ్బు, చెవి సమస్యలు ఉన్నవారు ముందుగా వైద్యుని సంప్రదించాలి. నీటిలో ఎన్నడూ ఊపిరి బిగబట్టరాదు. పైకి ఎప్పుడూ నిదానంగానే రావాలి. తోడు లేకుండా మునగరాదు.

మన వారు ముఖ్యంగా గుర్తుంచుకోవలసిన నియమం మరొకటి ఉన్నది. సెలవు మీద ఇంటికి బయలుదేరే ముందురోజు "చివరిసారిగా ఒక్క మునక" అనుకోవడం ప్రమాదం. లోతులో రక్తంలోకి చేరిన నైట్రోజన్ వాయువు విమానంలో పీడనం తగ్గగానే బుడగలై కీళ్ళను, నరాలను దెబ్బతీయగలదు. ఒక్కసారి మునిగినవారు కనీసం 12 గంటలు, పలుమార్లు మునిగినవారు కనీసం 18 గంటలు ఆగి విమానమెక్కాలన్నది నిపుణుల సూచన. పూర్తిగా ఒక రోజు ఆగడం మరీ క్షేమం.

రంజాన్ ఉపవాసంలో దేహంలో నీరు తగ్గుతుంది. అది మునక ప్రమాదాన్ని పెంచుతుంది గనుక ఆ నెలలో పగటిపూట మునకలు మానుకోవడమే మేలు. పడవ బయలుదేరే వేళను నమాజు వేళలతో సరిచూసుకోవాలి. దేహాన్ని నిండా కప్పే ఈత దుస్తుల మీద వదులైన పైవస్త్రం ధరించవచ్చు. స్త్రీలకు మహిళా శిక్షకులు ఉన్న కేంద్రాన్ని ముందుగా విచారించి ఎంచుకోవాలి. ఖర్చు భరించలేనివారు మాస్కు, ఊపిరి గొట్టంతో లోతు లేనిచోట చూసినా చాలు. అప్పు చేసి చేయవలసిన పని ఇది కాదు. ఇంటి దగ్గర ఉన్నవారికి తెలుగు నేల మీదే విశాఖ ఋషికొండ వద్ద స్కూబా శిక్షణ లభిస్తున్నది.

చూసినది అమానత్

ఒకే చోటికి వెళ్ళే కుటుంబం ఒక చిన్న నోటు పుస్తకం పెట్టుకోవచ్చు. తేదీ, నీటి వేడి, ఎంత దూరం కనిపించింది, ఏ బండ దగ్గర ఏ చేప, ఏ పగడం తెల్లబడింది. ఏడాది తిరిగేసరికి ఆ పుటలు ఒక విద్యగా మారతాయి. అయిదేళ్ళకు అవి సాక్ష్యమవుతాయి. వలలో చిక్కిన తాబేలు కనిపిస్తే ఎవరికి చెప్పాలో, ఏ దిబ్బ మీద పడవ లంగరు వేయకూడదో ఆ కుటుంబానికి తెలిసి ఉంటుంది. పిల్లలకు ఇంతకు మించిన సెలవురోజు చదువు ఏమున్నది?

సూరా రహ్మాన్ రెండు జలాల నుండి లభించే ముత్యాన్నీ, పగడాన్నీ ప్రభువు అనుగ్రహాలుగా పేర్కొని, వాటిలో దేనిని నిరాకరిస్తారని మనల్ని ప్రశ్నిస్తున్నది. ముత్యం మన ఇళ్ళకు నగగా వచ్చింది గనుక దాని విలువ మనకు తెలుసు. ఉన్నచోటనే ఉండి, వేల జీవులకు ఇల్లై నిలిచే పగడం విలువ తెలుసుకోవడం ఇంకా మిగిలి ఉన్నది. అనుగ్రహాన్ని గుర్తించడం కృతజ్ఞతకు తొలి మెట్టు. గుర్తించడానికి చూడాలి, తిరిగి తిరిగి చూడాలి.

గల్ఫ్ నుండి వచ్చే మన వారు అత్తరు, ఖర్జూరం, దుప్పట్లు తెస్తారు. ఆ వస్తువులు కొన్నాళ్ళకు అయిపోతాయి. అక్కడి నీటిని ఓపికగా ఎరిగి వచ్చినవారు దానితో పాటు మరొకటి తేగలరు. సృష్టిలో ఒక మూలను శ్రద్ధగా గమనించే అలవాటు అది. ఆ అలవాటున్న చూపు మోర్తాడ్ చెరువు కట్ట మీద నిలబడినా ఊరక ఉండదు. తూము ఎందుకు కారుతున్నది, శిఖం ఎందుకు తగ్గింది అని అడుగుతుంది.